సముద్రం వైపు గోడ

నాకు మొదటినుంచీ కోపం ఎక్కువ. కోపం కన్నా గర్వం ఇంకా ఎక్కువ. ఆరు నెలల బాలవాడీ ట్రైనింగు పూర్తి చేసి, చేతిలో ఆర్డరు కాగితం, నెత్తిన రేకుపెట్టెతో యారాడ కొండ దిగిన రోజున, చిన్నపిల్లల గురించి నాకు తెలిసినంత ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలీదనే అనుకున్నాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. డెబ్భైల చివరి సంవత్సరాలు. యారాడకి ఇంకాస్త అవతల, కొండకీ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న చిన్న పాలెం అది. అందరూ సముద్రం మీద బతికేవాళ్లే. ఊరి పేరు చెప్పను. వాళ్లు నా గురించి ఇవాళ్టికీ మంచిగానే చెప్పుకుంటారని విన్నాను. నాకు ఆ మంచి మోయలేనంత బరువు.

ఆ పాలెంలో నాతో మనసు విప్పి మాట్లాడిన మనిషి ఒక్కతే. దానికి ఐదేళ్లు. దాన్ని నేను ఎలా పోగొట్టుకున్నానో చెప్పడానికే ఇదంతా.

మాది విజయనగరం అవతల పల్లె. వరీ నువ్వులూ పండించుకునే ఇల్లు. పెళ్లయిన మూడేళ్లకి మా ఆయన ఇంకో ఇల్లు చూసుకున్నాడు. పుట్టింటికి వెళ్తే అన్నయ్య ఉండమన్నాడు, వదిన ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం నాకు బాగా అర్థమైంది. పేపర్లో ప్రకటన చూసి దరఖాస్తు పెట్టాను, ఉద్యోగం వచ్చింది. దూరమైనా ఫరవాలేదా అని అడిగితే, దూరమైతేనే మంచిదన్నాను.

ట్రైనింగులో మాకు చెప్పిన పెద్దావిడ మాటలు నాకు మంత్రంలా పట్టుకున్నాయి. పిల్లల చేతికి పలక ఇచ్చేముందు ఇసక ఇవ్వండి. ఆడుతూ నేర్చుకున్నది మర్చిపోరు. వాళ్లు ఏదైనా అడిగితే టక్కున జవాబు చెప్పేసి నోరు మూయించకండి, తిరిగి మీరొక ప్రశ్న అడగండి, వాళ్లే వెతుక్కుంటారు. నోటుబుక్కులో ఈ మాటలు రాసుకుని కింద ఎర్రగీత గీసుకున్నాను. పాలెంలో మొదటి రాత్రి దీపం వెలుగులో అదే చదువుకుని పడుకున్నాను, చదువుకోవడానికి ఇంకేమీ లేక.

బాలవాడీకి ఇచ్చిన గది ఒకప్పుడు ఉప్పు నిల్వ చేసుకునేది. పెంకులు పగిలిపోయాయి, మూడు వైపులా గోడలు పెళ్లలు రాలుతున్నాయి. సముద్రం వైపు గోడ ఒక్కటే తెల్లగా మెరిసిపోతుండేది. ఏటా చేపల వేటకి ముందు ఆ ఒక్క గోడకే ఊరందరూ కలిసి సున్నం కొట్టేవారట. లోపల కూర్చునే పిల్లల మీద సున్నం రాలుతున్నా పట్టించుకోరు గానీ, బయటికి కనబడే గోడకి మాత్రం ముస్తాబు, ఎంత డాబు మనుషులో అనుకున్నాను. ఎందుకు అని ఎవర్నీ అడగలేదు. అడగడం పిల్లల పని, అడిగించడం నా పని అనుకునేదాన్ని.

పిల్లలు పద్దెనిమిది మంది వచ్చేవారు. బొమ్మలు కొనడానికి ఏమీ లేదు గనక ఒడ్డంతా ఏరాను. గవ్వలు, కొబ్బరిచిప్పలు, తెగిన వలముక్కలు, వలకి కట్టే బెండ్లు, పీత డొల్లలు. గవ్వల్ని పెద్దవీ చిన్నవీ వేరు చేయించేదాన్ని. నీళ్ల గోలెం పెట్టి ఏది తేలుతుందో ఏది మునుగుతుందో ముందే చెప్పమనేదాన్ని. ఆ ఆటలో వాళ్లు నన్ను చిత్తుగా ఓడించారు. తడిసిన బెండు ఎన్నాళ్లకి మునగడం మొదలుపెడుతుందో కూడా వాళ్లకి తెలుసు. నేను ఓడిపోయినప్పుడల్లా పడీ పడీ నవ్వేవారు. నాకూ నవ్వొచ్చేది, కానీ టీచరు నవ్వితే అలుసైపోతానని బిగబట్టుకునేదాన్ని.

తల్లులకి నా పద్ధతి నచ్చలేదు. తెల్లారకుండానే చేపల తట్టలు నెత్తిన పెట్టుకుని కొండెక్కి టౌన్లోకి పోయే మనుషులు వాళ్లు. ఒకావిడ మొహం మీదే అడిగింది.

"పంతులమ్మా, ఆటలు ఇంటికాడా ఆడతారు గదా. నీకాడికి పంపడం దేనికి మరి? అచ్చరాలు ఎప్పుడు సెప్తావు?"

నాకు చర్రున కోపం వచ్చింది. ఆటే చదువు అని అరగంట ఉపన్యాసం ఇచ్చాను. పెద్ద పెద్ద మాటలు వాడాను. ట్రైనింగు తర్వాత నేను "నాను", "ఏటి" అనడం మానేశాను, పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడేదాన్ని. ఆవిడ ఓపిగ్గా విని, పక్కనున్నామెతో "పంతులమ్మ బాగా సెప్పింది, నాకొక్క ముక్కా అర్దం అవ్వనేదు" అంది. ఇద్దరూ నవ్వుకుంటూ పోయారు.

వాళ్లు చెడ్డవాళ్లు కాదు. నా గుమ్మం ముందు రోజూ ఎవరో ఒకరు ఆకులో చేపలు పెట్టి పోయేవారు. గుమ్మం దాటి లోపలికి మాత్రం వచ్చేవారు కాదు. నేనూ రమ్మని పిలవలేదు. పగలు మగవాళ్లు సముద్రం మీద, ఆడవాళ్లు టౌన్లో. సాయంత్రం అందరూ చేరాక నవ్వులూ కేకలూ ఇంటింటినుంచీ వినపడేవి. నేను వెనక మెట్టు మీద కూర్చుని, హార్బర్లోకి పిలుపు కోసం దూరంగా ఆగున్న ఓడల్ని చూసేదాన్ని. ఒక్క మనిషికి వండుకోవడం ఎంత కష్టమో చెబితే ఎవరూ నమ్మరు. గుప్పెడు బియ్యం తక్కువ, రెండు గుప్పెళ్లు ఎక్కువ. ఉప్పు సరిపోయిందో లేదో చెప్పే దిక్కు లేదు.

అలాంటి రోజుల్లో ఆ ఐదేళ్ల పిల్ల నా గుమ్మం దాటింది.

దాని తల్లి టౌన్నుంచి అందరికంటే ఆలస్యంగా వచ్చేది. తాత వలలు బాగుచేసుకుంటూ పట్టించుకునేవాడు కాదు. బాలవాడీ అయిపోయాక మిగతా పిల్లలు ఇళ్లకి పోతే, ఇది నా వెనకాలే నా గదిలోకి వచ్చి పొయ్యి పక్కన చతికిలబడేది. సన్నగా, నల్లగా, ముక్కు కారుతూ, మొలతాడుకి ఒక గవ్వ కట్టుకుని ఉండేది. కూర్చున్న క్షణంనుంచి ప్రశ్నలు.

"నువ్వొక్కద్దానివీ తింతే ఆ అన్నం అయిపోద్దా?"

"అయిపోదు. నువ్వు కూడా తిను."

"నీకు మొగుడు నేడా?"

"ఉన్నాడు."

"మరేడీ?"

నేను ట్రైనింగు పాఠం వాడాను. "నువ్వు చెప్పు చూద్దాం. ఎక్కడుంటాడు?"

అది చెయ్యి నాక్కుంటూ చాలాసేపు ఆలోచించింది. "దారి తెలిసుండదు. మా తాతనంపితే ఎతికి తీసుకొచ్చెత్తాడు" అంది.

నేను నవ్వాను. తర్వాత పొయ్యి వైపు తిరిగి చాలాసేపు ఊదాను, మంట బాగానే ఉన్నా సరే. ఆ రోజునుంచి సాయంత్రం నాలుగు ఎప్పుడవుతుందా అని నేనే ఎదురుచూడటం మొదలుపెట్టాను. ఐదేళ్ల పిల్ల కోసం ఇరవై ఆరేళ్ల మనిషి ఎదురుచూడటం చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంటుంది. కానీ ఆ ఊళ్లో నా గురించి ఏదో ఒకటి తెలుసుకోవాలనుకున్నది అదొక్కతే. దానికి నేను ఇచ్చింది అన్నం. అది నాకు ఇచ్చింది, నేనూ ఉన్నాననే నమ్మకం.

దానికి ఒక ఆట ఉండేది. మిగతా పిల్లలెవరూ అంతగా ఆడేవారు కాదు. ఇసకలో దగ్గరగా ఒక తెల్లగవ్వ పెట్టేది, దాని వెనకాల బారెడు దూరంలో మిట్ట మీద ఒక పుల్ల గుచ్చేది. తను దూరంగా పోయి బోర్లా పడుకుని, ఒక కన్ను మూసి, ఆ రెంటినీ చూస్తూ పీతలాగా పక్కకి పాకేది. ఎక్కడో ఒకచోట హఠాత్తుగా ఆగి, లేచి, తిన్నగా గవ్వ మీదకి పరిగెత్తుకొచ్చేది. రోజూ ఇదే. నేను నోటుబుక్కులో రాసుకున్నాను. కుడికన్ను మూసి చూస్తోంది, కంటి లోపం ఉండవచ్చు, డాక్టరుకి చూపించాలి.

ఆ ఏడు వానలు వెనకబడి పడుతున్న రోజుల్లో, సూపర్వైజరమ్మ సోమవారం వస్తుందని కబురొచ్చింది. ఆటల ద్వారా నేర్పడం ఎలా సాగుతోందో చూస్తుందట. నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. నా గొప్పతనం చూడ్డానికి ఒక మనిషి కొండ దిగి వస్తోంది. ఏదైనా పెద్దది చేసి చూపించాలి. చుట్టూ చూస్తే ఆ తెల్లగోడ కనబడింది.

శనివారం పొద్దున్న బకెట్లో జాజు కలిపాను, ఇళ్ల గడపలకి పూసుకునే ఎర్రమట్టి. ఇంకో డొక్కు డబ్బాలో నీలిమందు, చిప్పలో బొగ్గుపొడి. వానకి కరిగిపోకుండా అన్నిట్లోనూ తుమ్మజిగురు కలిపాను, అదొక తెలివి. మగవాళ్లు వేటలో ఉన్నారు, ఆడవాళ్లు టౌన్లో ఉన్నారు, ముసలివాళ్లు పాలెం అవతలి కొసన నీడలో వలల దగ్గర ఉన్నారు. పిల్లల్ని గోడ ముందు నిలబెట్టి, మీ ఇష్టం, ఏం గీస్తారో గీయండి అన్నాను. చెప్పాలా ఇక. చేపలు, తెప్పలు, తాబేళ్లు, ఒకడు వాళ్ల నాయనమ్మని గీశాడు. అందనిచోట్ల నేను కుర్చీ వేసుకుని పైదాకా జాజు పూశాను, వెనకంతా ఎర్రగా ఉంటే బొమ్మలు బాగా కనబడతాయని. రెండు గంటల్లో గోడంతా నిండిపోయింది. అంత సంతోషంగా పిల్లల్ని నేను అంతకుముందు చూడలేదు.

అది ఒక్కతే దూరంగా నిలబడింది. చేతులు వెనక్కి పెట్టుకుంది.

"గోడకెందుకు పూత్తన్నావు?"

"అందంగా ఉండటానికి. రా, నువ్వూ గియ్యి."

"ఎర్రగైపోతే మా అయ్య ఎలగ సూత్తాడు?"

నాకు ఒళ్లు పులకరించింది. చూడండి, ఎంత చక్కటి ప్రశ్న! సోమవారం సూపర్వైజరమ్మకి చెప్పుకోదగ్గ ప్రశ్న. పెద్దావిడ నేర్పినట్టు మోకాళ్ల మీద కూర్చుని, దాని కళ్లలోకి చూస్తూ అడిగాను. "నువ్వే చెప్పు. ఎలా చూస్తాడు?"

"సూడ్నేడు."

"ఎందుకు చూడలేడు? బాగా ఆలోచించి చెప్పు."

"తెల్లగ నేదు గదా."

"మరి ఏ రంగులో ఉంటే బాగుంటుంది నీకు?"

అది నా మొహంలోకి చూసింది. దాని చూపులో ఉన్నది అయోమయం అని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, నాకు అర్థమయ్యేట్టు ఎలా చెప్పాలా అని వెతుక్కుంటోంది పాపం. నేను ఆగలేదు. "మీ అయ్య వచ్చి, ఇది నా కూతురి చెయ్యి అని గుర్తుపడతాడులే" అని, దాని చెయ్యి పట్టుకుని జాజులో ముంచి గోడకి అద్దాను. అది చెయ్యి లాక్కోలేదు. పంతులమ్మ చెప్పింది గనక నిలబడింది.

మధ్యాహ్నం దాటాక గాలి తిరిగింది. సన్నగా జల్లు మొదలై కొండంతా మసకేసింది. నేను అన్నం తింటుంటే ఒడ్డునుంచి కేకలు వినిపించాయి, రోజూ వినపడే కేకల్లాంటివి కావు. ఎంగిలిచేత్తోనే పరిగెత్తాను. నాలుగైదు తెప్పలు ఎలాగో ఒడ్డు చేరాయి. ఒకటి మాత్రం నీళ్లలో మునిగి ఉండే బండల మీదకి ఎక్కేసింది. కట్లు తెగి దుంగలు విడిపోయాయి. దుంగకీ బండకీ మధ్య ఇరుక్కున్న మనిషిని నలుగురు ఈదుకెళ్లి లాక్కొచ్చారు. కాలు మోకాలి కింద విరిగి వేలాడుతోంది. వాడు దాని తండ్రి.

నులకమంచం మీద పడుకోబెట్టి మోసుకుంటూ కొండెక్కించారు. పెద్దాసుపత్రికి తీసుకుపోవాలి. మిగిలిన మగవాళ్లు ఒక్కొక్కళ్లే వెనక్కి తిరిగి మా గోడ వైపు చూశారు. నేనూ చూశాను. ఎర్రమట్టి కొండ, దాని కింద ఎర్రటి గోడ. నాకేమీ అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున్న లేచి చూసేసరికి నలుగురైదుగురు గోడకి సున్నం కొడుతున్నారు. జిగురు వల్ల జాజు ఊరికే పైకి తేలుతోంది, ఒక పూతకి లొంగలేదు. అప్పుడొచ్చాడు దాని తాత. వెనకాల దాని తల్లి, రాత్రంతా ఆస్పత్రిలో ఉండి బట్టల కోసం వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని అది. ముసలాయన నా మీద అరుస్తాడని సిద్ధపడ్డాను. అరవలేదు. ఇసకలో కూలబడి ఒక తెల్లగవ్వ పెట్టాడు, వెనకాల పుల్ల గుచ్చాడు.

"వంగు పంతులమ్మా. ఇంకా వంగాల. ఓ కన్ను ముయ్యి. పుల్ల గవ్వ మీదకొచ్చిందా?"

"వచ్చింది."

"పుల్ల ఏటంటే కొండ మీద ఆ ఒంటి తాటిసెట్టు. గవ్వ ఏటంటే నీ బడి గోడ. సెట్టు గోడ నెత్తి మీదకొచ్చిందాకా తెప్ప తిప్పుకోవాల. అప్పుడు తిన్నగ వచ్చెయ్యాల. బండల మజ్జిన దారి నాలుగు బారలే. మా తాతల కాడినుంచీ ఈ గోడే మాకు గురుతు."

నేను కన్ను మూసుకుని అలాగే వంగుండిపోయాను. రోజూ నా కళ్లముందు అది ఆడిన ఆట ఇదే. తండ్రిని క్షేమంగా ఒడ్డుకి తెచ్చే ఆట. నేను దానికి కంటి జబ్బని పేరుపెట్టాను.

ముసలాయన లేచి చేతులు దులుపుకున్నాడు. "నీకు తెలీదు, నిజమే. ఊరికి కొత్త. మరి మా గుంటకి బాగా తెలుసు గదా. సెప్పనేదా నీకు?" అని మనవరాలిని చూపించాడు.

అందరూ నా వైపు చూశారు, సున్నం కొడుతున్నవాళ్లు కూడా. అదీ చూసింది. అందరిలోకీ దాని మొహం ఒక్కటే నిబ్బరంగా ఉంది. జవాబు ఏమిటో దానికి తెలుసు కదా, పంతులమ్మ చెబుతుంది.

ఆ క్షణంలో నా బుర్రలో ఏం తిరిగిందో దాచను. చెప్పిందంటే, తెలిసీ చేశానంటారు. ఊళ్లోంచి పొమ్మంటారు. పోతే ఎక్కడికి పోవాలి, ఏమీ అనని వదిన దగ్గరికా?

"లేదు తాతా" అన్నాను. "చెప్పలేదు."

అబద్ధాన్ని కూడా పుస్తకంలో ఉన్నట్టే, స్పష్టంగా చెప్పాను.

తల్లి గిర్రున తిరిగింది. "తెలిసుండీ నోరు ముయ్యేసుకున్నావేటే? అయ్యని సంపేద్దువే!" అని ఒక్క దెబ్బ వేసింది, చెంప మీద. మొగుడి కాలు విరిగి, రాత్రంతా నిద్రలేని మనిషి వేసిన దెబ్బ. పిల్ల ఇసకలో పడింది. లేచింది. ఏడవలేదు, నేను చెప్పాను అనలేదు. నా వైపు ఒక్కసారి చూసి తల దించుకుంది. కుడిచెయ్యి గుప్పిట బిగించి ఉంది, వేళ్ల సందుల్లో జాజు ఇంకా ఎర్రగానే ఉంది. అప్పటికైనా నోరు తెరవొచ్చు. నేను తెరవలేదు.

సోమవారం సూపర్వైజరమ్మ వచ్చింది. ఖాళీ గది చూసి, ఊళ్లో ప్రమాదం జరిగిందంటే తలూపి, రిజిస్టరులో సంతకం పెట్టి వెళ్లిపోయింది. దాని తండ్రి ఆస్పత్రిలో ఉన్న పది రోజులూ పిల్లలెవరూ రాలేదు. పొద్దున్నే తాళం తీసి, చాప పరిచి, గోలెంలో నీళ్లు పోసి, పన్నెండింటి దాకా కూర్చుని, మళ్లీ నీళ్లు పారబోసేదాన్ని. గుమ్మం ముందు చేపలు మాత్రం మానలేదు. తెలీక చేసింది పాపం, ఒంటరి మనిషి, అనుకున్నారట. ఆ చేపలు నేను వండుకోలేకపోయాను. ఒంటరితనం నాకు కొత్త కాదు. కానీ అప్పటిదాకా నాకు అన్యాయం జరిగింది గనక ఒంటరిదాన్ని అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకునే వీలు కూడా పోయింది.

పదకొండో రోజున దాని తండ్రిని ఇంటికి తెచ్చారు. కాలికి పిండికట్టు. అరుగు మీద పడుకోబెట్టారు. నేను వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పుస్తకం మాటలు ఒక్కటీ నోటికి రాలేదు.

"మీ గుంట నాకు సెప్పింది" అన్నాను. "గోడ ఎర్రగైపోతే అయ్య సూడ్నేడని సెప్పింది. నానే ఇన్నేదు. ఆ రోజు తాత అడిగితే అబద్దమాడీసినాను."

తండ్రి మోచేతి మీద కొంచెం లేచాడు. "ఆ జల్లులో గోడ తెల్లగున్నా కనబడేదో నేదో పంతులమ్మా. సముద్రం కాడ ఇయన్నీ ఉంటాయి."

అంత మంచి మాట ఎవరైనా అంటారా! తిడితే బాగుండుననిపించింది. తల్లి మాత్రం వాకిట్లో చేప కోస్తున్నదల్లా కత్తిపీట మీదనుంచి చెయ్యి తీసేసింది.

"దాన్ని కొట్టేసినాను గదమ్మా" అంది.

అది తలుపు వెనకాల ఉంది. లోపలికెళ్లి దాని ముందు కూర్చున్నాను. నువ్వు చెప్పావు, నేను వినలేదు, తప్పంతా నాదే, నీది అసలే కాదు, అన్నాను. చెయ్యి పట్టుకోబోతే ఇచ్చింది. చెప్పినదంతా శ్రద్ధగా విని "ఊఁ" అంది. పాఠం అయ్యాక అర్థమైందా అంటే పిల్లలు అనే "ఊఁ" అది.

వారం తిరక్కుండా పిల్లలందరూ మళ్లీ వచ్చారు. అదీ వచ్చింది. తల్లి స్వయంగా తీసుకొచ్చి, "కాసిన్ని అచ్చరాలు కూడా సెప్పు పంతులమ్మా" అంది. సరేనన్నాను. పొద్దున్న అక్షరాలు, తర్వాత ఆటలు పెట్టాను. అది అందరికంటే ముందు అక్షరాలు పట్టేసింది. చాప మీద ముందు వరసలో చేతులు కట్టుకుని కూర్చునేది. గవ్వలు వేరు చేయమంటే చేసేది. ఏది మునుగుతుందంటే సరిగ్గా చెప్పేది. ఇసకలో బోర్లా పడుకోవడం మానేసింది. నాలుగు గంటలకి మిగతా పిల్లలతోపాటే లేచి ఇంటికి పోయేది, తల్లి వచ్చేదాకా పక్కింటి అరుగు మీద కూర్చునేది.

నేను చెయ్యని ప్రయత్నం లేదు. కుండలో బతికున్న పీతని పెట్టి మూత మీద చిల్లు పొడిచాను, లోపల ఏముందో చెప్పమని. పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. అది తన వంతు వచ్చేదాకా ఆగి, వంగి చూసి, "పీత" అని, వెళ్లి తన చోట్లో కూర్చుంది. టౌన్నుంచి అయస్కాంతం తెచ్చాను. భూతద్దం తెచ్చాను. అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పింది. తను మాత్రం నన్ను ఏదీ అడగలేదు. సూపర్వైజరమ్మ తర్వాతెప్పుడో వచ్చి, దాన్ని చూపించి, పిల్లలంటే ఇలా ఉండాలి, ఎంత బుద్ధిగా ఉంది అంది. ఆవిడ మీద నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆవిడ చేసిన తప్పేమీ లేదు.

గుమ్మం దాటి లోపలికి రావడం మిగతా ఆడవాళ్లు ఆ తర్వాతే మొదలుపెట్టారు. నేను ఒప్పుకున్నందుకో, వాళ్ల మాటల్లో మాట్లాడినందుకో. నా కూరలో ఉప్పు తక్కువని చెప్పేవాళ్లు దొరికారు. మనుషులు నిండుగా ఉన్న ఆ గదిలో, పొయ్యి పక్కన ఒక చోటు మాత్రం నాకు ఖాళీగా కనిపిస్తూనే ఉండేది. ఎవరైనా అక్కడ కూర్చోబోతే, పొగొస్తుంది ఇటు రండి అనేదాన్ని.

ఎనభైలు మొదలయ్యాక నన్ను దువ్వాడ వైపు మార్చారు. స్టీలు ప్లాంటు కట్టడానికి ఎక్కడెక్కడినుంచో వచ్చిన కూలీల పిల్లలు. ఆ తర్వాత కొత్త టీచర్లకి నేనే పాఠాలు చెప్పాను. పిల్ల ఏదైనా అడిగితే ముందు నోరు మూసుకుని వినండి, తిరిగి ప్రశ్న వేసే తొందర వద్దు, అది నిజంగానే మీకేదో చెబుతోందేమో అనేదాన్ని. మీకు ఎంత ఓపికండీ అనేవారు వాళ్లు.

పాలెం వదిలిన రోజున అది నన్ను బస్సు ఎక్కించడానికి కొండమీద దాకా వచ్చింది. అప్పటికి తొమ్మిదేళ్లు. రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని నాకంటే ముందు నడిచింది, వద్దన్నా వినలేదు. వాళ్లయ్య కుంటుతూనే వేటకి పోతున్నాడని, తాత ఇప్పుడు మంచం దిగడం లేదని, నేను అడిగితే చెప్పింది. పైన చెట్టు కింద పెట్టె దించి ఇద్దరం నిలబడ్డాం. కింద హార్బరు, ఓడలు, క్రేన్లు. బస్సు ఇంకా రాలేదు.

ఇక ఆగలేకపోయాను. "నన్నేమైనా అడగాలని ఉందా నీకు?" అన్నాను. "ఏదైనా సరే, నీ ఇష్టం. ఈసారి నేను తిప్పి అడగను. జవాబు నేనే చెప్తాను."

అది నా మొహంలోకి చూసింది. నేను దేనికోసం అడుగుతున్నానో దానికి తెలిసిందనే నా నమ్మకం. పెదవి కొరుక్కుంటూ నిజంగానే ఆలోచించింది. నాకు ఇవ్వడానికి ఒక్క ప్రశ్న కోసం, మంచి మనసుతో, బస్సు వచ్చి ఆగేదాకా వెతికింది.

"ఏటీ నేదమ్మా" అంది.

పెట్టె అందించింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాను. బస్సు మలుపు తిరిగేదాకా రోడ్డు పక్కన నిటారుగా నిలబడి చెయ్యి ఊపింది, ఎవరైనా వెళ్తుంటే అలా ఊపాలని బాలవాడీలో నేను నేర్పినట్టే.